మరల పరీక్షకు పోవుటయా, మానుటయా?

(సారంగాపూర్ వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



నేటి సభలో విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా సంఘమువారు మమ్ము కోరిరి. విద్య సముద్రము వంటిది. అందుండి మేము ఒక చిన్న ప్రశ్నను మాత్రమే యెన్నుకొంటిమి. చిన్నదే యైనను కొన్నేండ్లుగా మా యింటి యరుగుమీద తఱచుగా వినబడుచున్న ప్రశ్న యిది. "సారూ! మా పిల్లగానికి మంచి మార్కులే వచ్చినయి. మళ్ళ రాస్తే ఇంక మంచిగ వస్తయంటున్నరు. రాయమంటరా, వద్దంటరా?" అని తల్లిదండ్రులు వచ్చి యడుగుదురు. తప్పినవాడు మరల వ్రాయవలయునా యని యెవరును అడుగరు. దానికి సమాధానము అందఱికిని తెలిసినదే. బాగుగా నెగ్గినవాని విషయముననే సందేహము. దీనిని గూర్చి మాకు తోచినది మీయెదుట విన్నవించెదము.

మన పెద్దలు పొట్ట చేతబట్టుకొని షోలాపురమునకును, భివండికిని పోయిరి. సిరిసిల్ల మగ్గములను నమ్ముకొన్నవారు కొందఱు; జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయినవారు కొందఱు. వారి నెవరును ఈ విధమైన ప్రవేశపరీక్ష లడుగలేదు. నేడు వారి బిడ్డలు ఇంజనీరింగు పట్టములు పొందుచున్నారు. 2007వ సంవత్సరమున నాచుపల్లిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారి కళాశాల వెలసినది మొదలు ఆ చదువు మన గడపకు మఱింత చేరువయైనది. పట్టము చేతికి వచ్చిన పిమ్మట పైచదువునకు రెండు ద్వారములు ముఖ్యముగ కనబడుచున్నవి. విదేశమునకు జీ.ఆర్.ఈ.; స్వదేశమున గేట్. ఈ రెంటి స్వభావము వేఱు. కావున మరల వ్రాయుటను గూర్చిన తీర్పును వేఱుగనే యుండవలయును.

జీ.ఆర్.ఈ. 1936వ సంవత్సరమున కార్నెగీ సంస్థవారి పూనికతో, హార్వర్డు మున్నగు నాలుగు అమెరికా విశ్వవిద్యాలయముల తోడ్పాటున మొదలైనది. భాషావిభాగమునకు 130 మొదలు 170 వఱకును, గణితవిభాగమునకు నట్లే 130 మొదలు 170 వఱకును మార్కులు కలవు. రెండును కలిసి 340. వ్యాసరచనకు వేఱుగ 6. 2023 సెప్టెంబరునందు పరీక్షాకాలమును గంట 58 నిమిషములకు కుదించిరి. ఒకసారి వ్రాసినవారు 21 దినముల పిమ్మట మరల వ్రాయవచ్చును. పన్నెండు మాసములలో ఐదు పర్యాయములకు మించరాదు. మార్కులు ఐదేండ్లు చెల్లును. ఏ పర్యాయపు మార్కులను పంపవలయునో విద్యార్థియే నిర్ణయించుకొనవచ్చును. అనగా రెండవసారి తగ్గినను మొదటివానికి హాని లేదు. పోవునది ధనమును, కాలమును మాత్రమే.

గేట్ అట్లు కాదు. భారత విజ్ఞానసంస్థయు, ఏడు ఐ.ఐ.టి.లును వంతుల చొప్పున ఏటికి ఒక్కమారే దీనిని నడుపుచున్నవి. 100 మార్కుల పరీక్ష. స్కోరు 1000కి గణింతురు. అది మూడేండ్లు చెల్లును. ఇచట మరల వ్రాయుట యనగా ఒక సంవత్సరము నిరీక్షించుట. గేట్ ద్వారమున ఎం.టెక్. చేరిన విద్యార్థులకు మాసమునకు 12,400 రూపాయల వేతనము లభించుచున్నది. కావున చేతిలోని సీటును విడిచి కూర్చుండినచో ఆ వేతనమును ఒక యేడు వెనుకబడును.

మన శాస్త్రములలో రెండు న్యాయములు కలవు. మొదటిది పిష్టపేషణన్యాయము. విసరిన పిండినే మరల విసరుట దీని యర్థము. చేయి నొచ్చును, పిండి పెరుగదు. రెండవది స్థూణానిఖననన్యాయము. పందిరిగుంజను పాతువాడు దానిని మాటిమాటికి కదిలించి, మన్ను కూరి, దిమ్మిస చేయును. చూచువారికి చేసిన పనినే చేయుచున్నట్లు తోచును. గుంజ మాత్రము ప్రతిసారియు గట్టిపడుచుండును. మరల పరీక్షకు పోవుట యీ రెంటిలో నేదో ముందుగ తెలిసికొనవలయును. అది పిండియైనచో మానవలయును; గుంజయైనచో పూనుకొనవలయును. తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు చాలునని మా యభిప్రాయము.

మొదటి ప్రశ్న: ఇప్పుడున్న మార్కులకు ఏ ద్వారము మూయబడియున్నది? దీనికి విశ్వవిద్యాలయము పేరును, శాఖ పేరును చెప్పగలుగవలయును. "ఎక్కువ వచ్చిన మంచిదే కదా" యనుట సమాధానము గాదు. 2020 నాటి మహామారి కాలము మొదలు అమెరికాలో పెక్కు శాఖలు జీ.ఆర్.ఈ.ని ఐచ్ఛికము చేసినవి; కొన్ని అడుగుటయే మానినవి. చూచు శాఖలును దాని నొక్కదానినే చూడవు. పట్టపరీక్షల మార్కులు, గురువుల సిఫారసు లేఖలు, విద్యార్థి తన యుద్దేశమును తెలుపుచు వ్రాసిన పత్రము, చేసిన పని, వీని నన్నిటిని తూచుదురు. కోరిన శాఖలో చేరినవారి మార్కుల సగటు ప్రకటింపబడియున్నచో దానితో పోల్చి చూడుడు. మనవాడు దానికి సమానముగనో, మీదుగనో యున్నచో ఆ ద్వారము మార్కులచేత మూయబడలేదు.

రెండవ ప్రశ్న: పోగు ఎక్కడ తెగినది? నేతగాడు తెగినచోటనే పోగు నతుకును. తెగని పోగు జోలికి పోడు. గణితమున 168 వచ్చినవాడు 170 కొఱకు మూడు మాసములు శ్రమించుట తెగని పోగును ముడివేయుట. ఒకే విద్యార్థి ఒకే శక్తితో రెండుసార్లు వ్రాసినను రెండు మూడు మార్కులు ఇటునటు కావచ్చును. అల్పభేదములను ఘనముగ నెంచరాదని పరీక్ష నడుపువారే హెచ్చరించుచున్నారు. అదే విద్యార్థికి భాషావిభాగమున 150 వచ్చిన దనుకొనుడు. తెలుగు మాధ్యమమున చదివిన మన పిల్లలకు ఇది సహజము. ఇచట దినమునకు రెండు గంటలు శ్రద్ధగా ఆంగ్లవ్యాసములు చదివినచో మూడు నాలుగు మాసములలో నిజమైన వృద్ధి కలుగవచ్చును. ఆ చదువు పరీక్షతో ముగియక, అచటి తరగతిలో కూర్చున్నప్పుడును అక్కఱకు వచ్చును. జ్వరముతో వ్రాసినవాడు, కాలము చాలక కడపటి ప్రశ్నలను విడిచినవాడు, వీరికిని మరల వ్రాయుటకు కారణము కలదు. మొదటిసారి సిద్ధపడిన రీతినే మరల సిద్ధపడి, వేఱు ఫలమును కోరువానికి మాత్రము కారణము లేదు.

మూడవ ప్రశ్న: దీని వెల యెంత, ఆ వెల చెల్లించున దెవరు? పరీక్షారుసుము వేలరూపాయలలో నున్నది. ఇచటినుండి హైదరాబాదు సుమారు 200 కిలోమీటర్లు. రానుపోను ఖర్చు, బస ఖర్చు వేఱు. 2020 మొదలు ఇంటనుండి వ్రాయు వీలును కల్పించిరి గాని, నిశ్శబ్దమైన గదియు, తెగని విద్యుత్తును, ఇంటర్నెట్టును ఎన్ని యిండ్ల నున్నవి? మన కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లలలో ఎందఱో తల్లులు బీడీలు చుట్టి పిల్లల చదివించుచున్నారు. ఆ రుసుమును రూపాయలలో గాక, ఆ తల్లి చుట్టవలసిన బీడీల వేలలో లెక్కించి చూడుమని మేము విద్యార్థులకు చెప్పుచుందుము. అట్లు లెక్కించిన పిమ్మటను ఆవశ్యకమని తోచినచో సంకోచింపక వ్రాయవలయును. తల్లి శ్రమ సద్వినియోగమగుటయే తల్లికి కావలయును.

కాలమును ధనమే. అమెరికాలో శరత్కాలమున చేరుటకు పెక్కు శాఖలు అంతకుముందటి డిసెంబరు, జనవరులలోనే దరఖాస్తులు స్వీకరించుట ముగించును. మార్కులు వెలువడుటకు ఎనిమిది పది దినములు పట్టును. నవంబరులో మరల పరీక్షకు కూర్చుండువాడు ఉద్దేశపత్రమును తొందరలో వ్రాయును. గురువులను లేఖలకై కడపటి వారమున వేధించును. మూడు మార్కులు సంపాదించి మంచి పత్రమును పోగొట్టుకొనుట లాభము కాదు.

గేట్ విషయమున ఒక మాట ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. ఒక బాలికకు వరంగల్లు ఎన్.ఐ.టి.లో సీటు వచ్చు స్కోరు లభించినది, ఐ.ఐ.టి. కొఱకు ఒక యేడు ఆగుదునన్నదనుకొనుడు. ఇంటనుండు సంవత్సరము మగపిల్లవానికి ఒక విధము, ఆడపిల్లకు మఱియొక విధము. ఆమె పుస్తకము తెఱచి కూర్చున్న మఱుసటి మాసమునుండియే బంధువులు సంబంధములు తెత్తురు. "ఖాళీగనే ఉన్నది గదా" యందురు. ఆమె చదువుచున్న దని యెవరికిని తోచదు. కావున తల్లిదండ్రులు ఆ యేటి కంతటికిని కాపుండగలమని మాట యిచ్చినచో మాత్రమే ఆగుమందుము. లేనియెడల చేతనున్న సీటునందు చేరి చదువుట మేలు. వరంగల్లులో చేరిన బాలిక వెనుకబడినదని యెవరును అనలేరు.

ఇక పెద్దలకును, దాతలకును ఒక మనవి. మన పిల్లలలో కొందఱు మరల పరీక్షకు పోవుట ద్వారము మూయబడుటచేత గాదు. పక్కింటివానికి పది మార్కులు ఎక్కువ వచ్చుటచేత. ఆ పోలికను పెంచుచున్నవారిలో మనమును ఉన్నాము. వేదికపై మార్కులు చదివి శాలువలు కప్పుచున్నాము. అది తప్పని మే మనము. కాని ఆ శాలువల ఖర్చులో కొంత వేఱుగ నుంచి, బీదవిద్యార్థులకు మొదటి పరీక్ష రుసుమును, దరఖాస్తుల రుసుమును ఇచ్చినచో ఎక్కువ ప్రయోజనము కలుగును. విదేశములలో చదివిన మనవారు కొందఱు ఏటికి ఒక నెల, వీరి ఉద్దేశపత్రములను చదివి దిద్దిపెట్టినచో పది మార్కుల పెట్టు. 2016వ సంవత్సరమున వెనుకబడిన తరగతుల విద్యార్థులకై మహాత్మా జ్యోతిబాఫులే పేరిట ప్రభుత్వము ఏర్పఱచిన విదేశవిద్యానిధిని గూర్చియు గ్రామగ్రామమున తెలియజేయవలయును. దాని యెన్నికలో పట్టపరీక్షల మార్కులను, జీ.ఆర్.ఈ. వంటి పరీక్షను, ఆంగ్లభాషాపరీక్షను కలిపి చూతురు. కావున ఆ నిధిని కోరువారు మరల వ్రాయుటకు ముందు ఆ లెక్కను గూడ వేసికొనవలయును.

విద్యార్థులారా! మార్కులు ద్వారమువఱకు తోడువచ్చును. లోపలికి పోయినపిమ్మట వానిని అడుగువా రుండరు. మూడు ప్రశ్నలకును సమాధానములు కాగితముపై వ్రాసికొనుడు. మూడింటికిని తృప్తికరమైన సమాధానము దొరకినచో ధైర్యముగ పోయి గుంజను గట్టిపఱచుకొనుడు. ఒక్కదానికి దొరకకున్నను వచ్చిన మార్కులతో తృప్తిపడి దరఖాస్తు వ్రాయుటకు కూర్చుండుడు. ఏ నిర్ణయము చేసినను అది మీ యవసరమును బట్టి జరుగవలయును గాని పక్కింటివాని మార్కులను బట్టి జరుగరాదు.