కంప్యూటరు కోశాగారమున చిట్టా పుస్తకము

పూర్వము పెద్ద వర్తకుని కొట్టునకు పోయినవారికి అచ్చట రెండు పుస్తకములు కనబడెడివి. ఒకటి చిట్టా, రెండవది ఆవర్జా. బేరగాడు ఎదుట నిలిచియుండగా గుమాస్తా చేతికందిన చిట్టాలో పద్దును గబగబ వ్రాసికొని అతనిని పంపివేసెడివాడు. సాయంకాలము కొట్టు సద్దుమణగిన పిమ్మట ఆ పద్దులను ఒక్కొక్కటిగా, ఎవరి ఖాతాక్రింద వారిది, ఆవర్జాలో ఎక్కించెడివాడు. ఆవర్జా శాశ్వతము, చిట్టా తాత్కాలికము. అయినను పగలంతయు కొట్టు నడచునది చిట్టామీదనే. పద్దులు ఎక్కకమునుపే చిట్టా తడిసి చెడినచో, ఆ దినపు వ్యాపారము ఆవర్జాలో ఎంత వెదకినను దొరకదు.

నేడు బ్యాంకులు, ఆసుపత్రులు, పెద్ద కార్యాలయములు తమ లెక్కలను దాచుకొను నిల్వ యంత్రములలోను ఇట్టి చిట్టా ఒకటి కలదు. దానిని క్యాష్ మెమరీ యందురు. ఈ మాట రొక్కమును తెలుపు ఇంగ్లీషు మాటవలె వినబడినను దీనికి సొమ్ముతో సంబంధము లేదు. దాచుట యను అర్థముగల ఫ్రెంచి క్రియనుండి పుట్టిన మాట యిది. ఈ చిట్టాలో ఒక భాగము చెడినప్పుడు, కొట్టు మూయకుండ, ఒక్క పద్దును పోగొట్టకుండ, దానిని మార్చుట ఎట్లు? ఈ పని మా వృత్తి గనుక, మేము చూచినదానిని, ఒకచోట మేము చేసిన పొరపాటును గూడ, శ్రోతలకు విన్నవింతుము.

మొదట, చిట్టా యెందుకు కావలసివచ్చినదో చూతము. కంప్యూటరుకు తిరుగుడు పళ్ళెముల నిల్వను మొట్టమొదట అమర్చినది అమెరికాలోని ఐ.బి.ఎమ్. సంస్థ. 1956లో వెలువడిన రామాక్ యంత్రములో ఒక్కొక్కటి 24 అంగుళముల అడ్డుకొలత గల పళ్ళెములు 50 ఉండెను. అవి నిమిషమునకు 1200 మారులు తిరిగెడివి. ఇంతచేసి అందులో పట్టినవి 50 లక్షల అక్షరములు. కావలసిన పద్దును వెదకి పట్టుటకు సగటున సెకనులో పదింట ఆరు వంతుల కాలము పట్టెడిది.

ఈనాటి సాధారణ డిస్కు నిమిషమునకు 7200 మారులు తిరుగును. అనగా సెకనునకు 120 చుట్లు. ఒక చుట్టు తిరుగుటకు సెకనులో వేయవ వంతులు ఎనిమిదికి పైగా పట్టును. కోరిన చోటు ముల్లు క్రిందికి వచ్చువరకు సగటున అర్ధచుట్టు వేచియుండవలెను. ముల్లు ప్రక్కలకు జరుగు కాలము దీనికి అదనము. మొత్తముమీద సెకనులో నూరవ వంతు అనుకొనవచ్చును. ఇది మనకు రెప్పపాటుకన్న తక్కువయే. కాని మెమరీ చిప్పులో ఒక మాటను చదువుటకు సెకనులో సుమారు కోటవ వంతు చాలును. ఈ రెంటికిని తారతమ్యము ఒకటికి లక్ష. తిరుగుడు పళ్ళెములకు బదులు ఇప్పుడు విరివిగా వాడుచున్న ఫ్లాష్ నిల్వలు డిస్కులకన్న ఎంతో చురుకైనవి. అయినను మెమరీ చిప్పులతో పోల్చినచో అవియు నిదానమే.

నిదానమైన పెద్ద నిల్వకు ముందు వేగమైన చిన్న నిల్వను నిలుపు నీ యుపాయమును 1965లో కేంబ్రిడ్జి పండితుడు మారిస్ విల్క్స్ వివరించెను. ఐ.బి.ఎమ్. 360 కుటుంబములోని 85వ నమూనాతో, 1968లో, అది వ్యాపార యంత్రములలోనికి వచ్చెను. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన పాటర్సన్, గిబ్సన్, కట్జ్ అను మువ్వురు రెయిడ్ అను పద్ధతిని ప్రకటించిరి. అనేక డిస్కులను ఒక జట్టుగా కట్టి, ఒకటి చెడినను మిగిలినవాని సాయముతో పోయినదానిని తిరిగి కూర్చుకొను పద్ధతి యది. ఇందు రక్షణ కలదు, కాని ఖర్చును కలదు. ఆ పద్ధతులలో మిక్కిలి వాడుకలోనున్న ఒకదానియందు చిన్న పద్దు నొకదానిని మార్చవలెనన్న నాలుగు పనులు చేయవలెను: పాత పద్దును చదువుట, పాత సరిచూపు అంకెను చదువుట, క్రొత్త పద్దును వ్రాయుట, క్రొత్త సరిచూపు అంకెను వ్రాయుట. కొనుగోలుదారుని ఇంతసేపు నిలువబెట్టుట యెట్లు? కావుననే చిట్టా.

అయితే మెమరీ చిప్పునకు ఒక బలహీనత కలదు. కరెంటు పోయినచో అందులోని వ్రాత యంతయు చెరిగిపోవును. అందుచేత యంత్రము చేయువారు రెండు జాగ్రత్తలు తీసికొనిరి. ఒకటి, క్యాష్‌నకు ఒక బ్యాటరీని తోడుగా నుంచుట; కరెంటు పోయినను ఆ బ్యాటరీ బలముతో వ్రాత నిలుచును, లేదా ఆ కొద్ది వ్యవధిలో ఫ్లాష్ నిల్వకు తరలిపోవును. రెండు, గుమాస్తాలను ఇరువురిని ఉంచుట. వీరినే కంట్రోలర్లు అందురు. వచ్చిన ప్రతి పద్దును మొదటి గుమాస్తా తన చిట్టాలో వ్రాసికొని, దాని ప్రతిని రెండవ గుమాస్తా చిట్టాలోను వ్రాయించి, ఆ తరువాతనే "ముట్టినది" అని జవాబు చెప్పును. అద్దములో ప్రతిబింబమువలె రెండు చిట్టాలు సమానముగ నుండును. ఒకడు మూర్ఛిల్లినను రెండవవాని చేతిలో అన్ని పద్దులును ఉండును.

చిప్పులు చెడుట అరుదుగా జరుగు సంగతి కాదు. 1978లో ఇంటెల్ సంస్థకు చెందిన మే, వుడ్స్ అను పరిశోధకులు, చిప్పులను పొదిగిన పదార్థములోని రేడియో ధార్మిక కణములే ఒక్కొక్కప్పుడు అందలి అంకెలను తారుమారు చేయుచున్నవని చూపిరి. 2009లో గూగుల్ సంస్థ యంత్రములపై టొరంటో విశ్వవిద్యాలయపు పండితురాలితో కలిసి జరిపిన పరిశీలనలో, మెమరీ మాడ్యూళ్ళలో నూటికి ఎనిమిదికి పైగా ఏడాదిలో ఏదో యొక దోషమును కనబరచినట్లు తేలినది. అదృష్టవశమున వీనిలో మిక్కిలి భాగము సరిదిద్దబడు దోషములే. 1950లో రిచర్డ్ హామింగ్ ప్రకటించిన సూత్రము ననుసరించి, 64 అంకెలకు 8 కాపలా అంకెలను చేర్చినచో, ఒక అంకె తప్పినను యంత్రము తానే దిద్దుకొనును. రెండు తప్పినచో దిద్దలేదు గాని, తప్పినదని గుర్తించి మొరపెట్టును. ఆ మొర విన్ననాడే మావంటివారికి కబురు వచ్చును.

కొన్ని యేండ్ల క్రిందట ఒక సంస్థనుండి మాకట్టి కబురు వచ్చినది. నెలాఖరు, రాత్రి పదకొండు గంటలు. రెండవ గుమాస్తా, అనగా కంట్రోలరు బి, చిట్టాలో ఒక మాడ్యూలు దిద్దరాని దోషమునకు లోనై పనినుండి తొలగినది. కంట్రోలరు ఏ భారమంతయు పైన వేసికొన్నది. ఇక అద్దము లేదు గనుక యంత్రము తన బుద్ధితో చిట్టా వ్రాయుట మాని, ప్రతి పద్దును నేరుగా ఆవర్జాలోనే ఎక్కించుచుండెను. క్షేమమైన పద్ధతియే, కాని నత్తనడక. ఆ రాత్రి అచ్చట వేలమంది ఉద్యోగుల జీతముల లెక్క నడచుచున్నది.

అచ్చటి బాధ్యుడు మాతో, "జీతాల లెక్క తెల్లవారేసరికి కావాలండీ. రెండో ప్రతి లేకపోయినా సరే, చిట్టా నడవనివ్వండి" అనెను. కొన్ని యంత్రములలో అట్లు బలవంతముగా నడుపుటకు వీలు కలదు. గంట పనియే కదా యని మేము సమ్మతించితిమి. అది మా తప్పు. ఎప్పుడైతే ఒకే చిట్టా, ఒకే గుమాస్తా మిగిలెనో, అప్పుడే ఆ యంత్రములో చేయి పెట్టుటకు సిద్ధపడితిమి. పద్దులు చిక్కుపడియున్న వేళనే పెట్టె తెరచుట యనగా నిదియే.

క్రొత్త మాడ్యూలును తీసికొని యంత్రము వెనుకకు పోతిమి. కంట్రోలర్లు రెండును ప్రక్కప్రక్కన రెండు పళ్ళెములవలె అమరియున్నవి. మాలో చిన్నవాడు ఎడమ పళ్ళెపు పిడిపై చేయి వేసెను. మా చేతిలోని పటములో కంట్రోలరు బి ఎడమవైపుననే యుండెను. అప్పుడు మాలో పెద్దవాడు, "ఆగు నాయనా. లాగేముందు దాని మీది నంబరు పైకి చదువు" అనెను. చిన్నవాడు వంగి, దీపము పట్టి చదివెను. "సారూ, మన కాగితంలో ఉన్నది ఇది కాదు" అనెను. ఆ పటము యంత్రమును ముందునుండి చూచినట్లు గీయబడినది. మేము నిలిచినది వెనుక. కుడి యెడమలు తారుమారైనవి. అతని చేయి ఉన్నది జబ్బుపడిన గుమాస్తాపై గాదు, ప్రాణముతో నున్న ఒక్క గుమాస్తాపైన.

దానిని లాగియున్నచో ఆ సంస్థ పని యంతయు తత్‌క్షణమే నిలిచియుండెడిది. ఆవర్జాకెక్కని పద్దుల గతి బ్యాటరీ దయమీద ఆధారపడెడిది. ఎవరి జీతము వ్రాయబడినదో, ఎవరిది వ్రాయబడలేదో తేల్చుటకు ఎన్ని దినములు పట్టెడిదో చెప్పజాలము. మేము కొంతసేపు మాటలాడక నిలిచితిమి. పిమ్మట ఆ బాధ్యుని పిలిచి జరిగినది దాచక చెప్పి, చిట్టాను ఆపివేసితిమి. ఉన్న పద్దులన్నియు ఆవర్జాకెక్కుటకు నాలుగు నిమిషములు పట్టినది. ఆ నాలుగు నిమిషములను మేము మొదటనే ఓర్చుకొనవలసినది.

అటుపిమ్మట పని క్రమముగా సాగినది. ఆ క్రమమునే మేము నేటికిని పాటించుచున్నాము. మొదట దోషపు నమోదును భద్రపరచవలెను. ఏ కంట్రోలరు, ఏ గాడి యనునది వ్రాసికొనవలెను. రెండవ కంట్రోలరు ఆరోగ్యముగ నున్నదని, కంప్యూటర్లన్నిటికిని దాని మార్గము తెరచియున్నదని చూడవలెను. చిట్టాను ఖాళీ చేయవలెను. గుర్తింపు దీపమును వెలిగించి, నంబరును ఒకరు చదువగా మరొకరు కాగితముతో సరిచూడవలెను. క్యాష్‌లో పద్దులు మిగిలియున్నవని తెలుపు దీపము ఆరువరకు పళ్ళెమును లాగరాదు, బ్యాటరీని తాకరాదు.

మాడ్యూలును పట్టుకొనకముందు మణికట్టునకు పట్టీ కట్టుకొని, దాని తీగను యంత్రపు లోహమునకు తగిలించవలెను. చల్లని పొడిగాలి గల ఆ గదులలో నడచిన మాత్రమున దేహమునకు స్థిర విద్యుత్తు పట్టును. మన వ్రేలికి చురుక్కుమని తెలియుటకు సుమారు మూడువేల వోల్టులు కావలెను. చిప్పు చెడుటకు అందులో ఎంతో తక్కువ చాలును. అనగా మనకు తెలియకుండనే క్రొత్తదానిని చంపివేయవచ్చును. మాడ్యూలును అంచులతో పట్టి, దాని గంటును గాడిలోని గట్టుతో సరిపెట్టి, రెండు కొనలను సమానముగ నొక్కినచో ఇరుప్రక్కల కొక్కెములు టక్కున పడును. ఒక ప్రక్క మాత్రమే పడినచో పని కాలేదన్నమాట. క్రొత్తది పాతదానికి రకములోను పరిమాణములోను సమానమై యుండవలెను. చిట్టాలు రెండును సమానము కానిచో ప్రతిబింబము కుదరదు.

పళ్ళెమును తిరిగి చొప్పించిన పిమ్మట కంట్రోలరు తన మెమరీని తానే పరీక్షించుకొని, తోటివానితో కలిసికొని, ప్రతి వ్రాయుట తిరిగి ఆరంభించును. అప్పుడు గాని చిట్టాకు అనుమతి లేదు. అంతటితో ఇంటికి పోరాదు. దోషము మరల కనబడినచో తప్పు మాడ్యూలుది గాక గాడిది కావచ్చును. ఆ రాత్రి మేము రెండు గంటలు కూర్చుండి చూచితిమి. ఒక్క దోషమును లేదు. జీతముల లెక్క అనుకొన్నదానికన్న గంట ఆలస్యముగా ముగిసినది. ఎవరి జీతమును తప్పలేదు. ఆ గంట యెందుకు ఆలస్యమైనదో ఆ ఉద్యోగులలో ఎవరికిని తెలియదు, తెలియనవసరమును లేదు.

శ్రోతలలో కొందరు, ఈ పెద్ద యంత్రముల గొడవ మాకేల యని అనుకొనవచ్చును. మీ యింటి కంప్యూటరులోను చిట్టా కలదు. పెన్ డ్రైవులోనికి పిల్లవాని పెండ్లి ఫోటోలను ఎక్కించి, తెరపై "అయినది" అని కనబడగానే దానిని ఊడలాగితిరా, కొన్ని ఫోటోలు చిట్టాలోనే యుండిపోయి, పెన్ డ్రైవునకు చేరకపోవచ్చును. తీసివేయవచ్చునా యని కంప్యూటరును అడిగి, అది సమ్మతించిన పిమ్మట తీయుట మేలు. వేగము కొరకు మనము చిట్టాను నమ్ముదుము, మంచిదే. కాని పెట్టె తెరచునప్పుడు మాత్రము చిట్టాలోని పద్దులన్నియు ఆవర్జాకెక్కినవా యని ఒక్కసారి అడుగవలెను. చేయి వేసిన పిడి మీది నంబరును పైకి చదువవలెను. మా వృత్తిలో మేము నేర్చుకొన్నవాటిలో ఈ రెండే ముఖ్యమైనవి.