కాలువ తవ్వించిన బోధకుడు

 

నీటిపారుదల ఇంజనీరును కాబట్టి కాలువల గురించి మాట్లాడమన్నారు. మన ఎడమ కాలువ సంగతి మిర్యాలగూడ, కోదాడ మిత్రులకు నాకంటే ఎక్కువ తెలుసు. నీళ్లు ఏ ఏడు రాలేదో తారీఖులతో సహా చెప్తారు! అందుకే ఇవాళ వేరే కాలువ గురించి, అందులో ఒక క్రైస్తవ బోధకుడు తవ్వించిన ముక్క గురించి చెప్తాను.

ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు పల్లెల్లో క్లౌ దొర. 1836లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. కుర్రతనంలో మిన్నెసోటాలో సర్వే బృందాలతో తిరిగి కొలతల పని నేర్చుకున్నాడు. 1865లో నెల్లూరుకు, మరుసటేడు ఒంగోలుకు వచ్చాడు. 1900 ప్రాంతంలో మన సూర్యాపేటకు వచ్చిన బాప్టిస్టు మిషన్ కూడా ఆయన పనిచేసిన అమెరికన్ మిషనే.

ఒంగోలులో ఆయన బడికి మొదట పెద్ద కులాల పిల్లలు వచ్చారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామన్నారు. ఆయన మాదిగలను వదులుకోలేదు. ఆ పిల్లలు వెళ్లిపోయారు. ఊరి పెద్దలతో మంచిగా ఉండాల్సిన కొత్త మనిషికి అది చిన్న నష్టం కాదు.

తర్వాత 1876–78 కరువు. పెద్దలు ధాత కరువు అనేవారు. మద్రాసు ప్రభుత్వం సముద్ర తీరం వెంట బకింగ్‌హాం కాలువ పని పెట్టింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలీని రోజుకు ఒక పౌను ధాన్యం ఖరీదు, పైన కొద్దిపాటి పైసలకు తగ్గించాడు. పౌను అంటే అరకిలో కూడా లేదు. అది తిని మనిషి గడ్డపార ఎత్తాలి! మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ అది చాలదని గట్టిగా వాదించాక ఆ రేటు పెంచారు.

క్లౌ ఆ కాలువలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు. పాత సర్వే విద్య అక్కరకొచ్చింది. తాటాకు పాకలు వేయించాడు, బావులు తవ్వించాడు, తన బోధకులనే మేస్త్రీలను చేశాడు. నా ఉద్యోగంలో మట్టిపని చాలానే కొలిచాను. ఒకచోట కొలతలన్నీ సరిగ్గా రాసి కూడా కూలీ డబ్బు నెలలు ఆలస్యం కావడం చూశాను. గుంత లోతు పుస్తకంలోకి ఎక్కుతుంది గానీ తవ్వినవాడి ఆకలి ఎక్కదు. అందుకే ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే పెద్దగా కనబడేది ఆ మూడున్నర మైళ్లే. ఆయన వాళ్లను చేయి చాపనివ్వలేదు, పని ఇచ్చి కూలీ ఇచ్చాడు.

అన్నం కోసం మతం మారారనే మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దాన్ని కొట్టిపారేయకూడదు. ఆకలితో ఉన్నవాడి ‘సరే’ను ఎంతవరకు నమ్మాలి? క్లౌకూ ఆ అనుమానం ఉన్నట్టుంది. కరువు సాగినంతకాలం, సుమారు పదిహేను నెలలు, బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, ఇక ఇవ్వడానికి నా దగ్గర డబ్బు లేదని చెప్పాడు. డబ్బు అడగడానికి రాలేదని జనం జవాబిచ్చారట. 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది ఆయన కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా నదిలో దిగి. ఆ వచ్చినవాళ్లలో చాలామందికి మతంతో పాటు మనిషిగా చూసే చోటు కూడా కావాలని నా అభిప్రాయం. కాదనేవాళ్లు భోజనాల దగ్గర నాతో వాదించవచ్చు.

ఆయన 1910లో పోయారు. ఆయన చెప్పగా భార్య ఎమ్మా రాసిన జీవితకథ 1914లో అచ్చయింది. ఎమ్మా అంతకుముందే మాదిగల జీవితం మీద ఒక పుస్తకం రాశారు. జీవితకథ ఇంగ్లీషులో ఉంది. అందులోని కరువు భాగాన్ని మన బడి పిల్లలకు అర్థమయ్యే తెలుగులో ఎవరైనా మాస్టారు రాస్తానంటే, మైళ్లు, పౌన్లు, అణాల లెక్కలు ఇప్పటి కొలతల్లోకి మార్చే పని నాది.