వాల్వు నాదము – ట్రాన్సిస్టరు నాదము



గిటారు యాంప్లిఫైయరులలో వాల్వుది మధురమనియు, ట్రాన్సిస్టరుది కఠినమనియు నొక వాడుక కలదు. మితముగా మ్రోగించినపుడు భేదము స్వల్పము; శక్తికి మించి మ్రోగించినపుడే గుట్టు బయటపడును. వాల్వులో తరంగశిఖరము మెల్లగా వంగును. అపుడు పుట్టు అదనపు నాదములలో మూలస్వరమునకు రెట్టింపైన తారషడ్జము, మూడు రెట్లైన పంచమము ప్రధానములు. అవి శ్రుతిలో కలియును. 1947లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టరు తేలిక, చవుక; కాని యందు శిఖరము కత్తితో కోసినట్లు తెగును. శ్రుతికి సరిగా నిమడని యేడవ రెట్టు వంటి పైనాదములు బలపడి చెవిని గుచ్చును.

ఖరగ్‌పూరు తాల్‌బగీచాలో నెవరి యింటనైన పాత వాల్వు పెట్టె యున్నచో, పాతసామానువానికి తూచి యిచ్చుటకు ముందు బాగుచేయించి వినదగును. అయితే విద్యుత్తు తీసివేసిన పిదపను అందలి కండెన్సరులలో వందలకొలది వోల్టులు నిలిచియుండవచ్చును. పని తెలిసినవాని చేతికే దాని నీయవలెను.