రెండు రకాల కొండలకు ఒకే జత స్కీలు



ధర్మపురి, కృష్ణగిరి ఎండల్లో కూర్చుని మంచు మీద జారే స్కీల గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. కానీ మన ఇళ్ళ నుంచి వెళ్ళిన పిల్లలు ఇవాళ డెన్వర్‌లో, సియాటిల్‌లో, ఓస్లోలో ఉద్యోగాలు చేస్తున్నారు. శీతాకాలం వస్తే అక్కడ చాలామందికి ఇదే కాలక్షేపం. ఒక జత స్కీలు, బూట్లు, పట్టీలు కొనాలంటే ఆ దేశాల్లోనూ చిన్న ఖర్చు కాదు. అందుకే ఒకే జతతో రెండు పనులూ జరగాలని అందరూ కోరుకుంటారు. అది ఎంతవరకు సాధ్యమో చూద్దాం.

ముందు టెలిమార్క్ అంటే ఏమిటో చెప్పాలి. మామూలు స్కీలలో బూటు ముందూ వెనకా బిగిసి ఉంటుంది. టెలిమార్క్‌లో వేళ్ళ దగ్గర మాత్రమే పట్టు. మడమ పైకి లేస్తుంది. మలుపు తిరిగేటప్పుడు, విల్లు ఎక్కుపెట్టిన విలుకాడిలా ఒక కాలు ముందుకు వేసి, వెనక మోకాలు వంచి దిగుతారు. నార్వేలో టెలిమార్క్ అనే ప్రాంతం ఉంది. అక్కడి మోర్గెడాల్ గ్రామస్థుడు సోండ్రె నోర్‌హైమ్ 1868లో క్రిస్టియానియా, అంటే ఇప్పటి ఓస్లో, నగరంలో జరిగిన పోటీలో ఈ విద్య చూపించి అందర్నీ అబ్బురపరిచాడు. అప్పటికి ఆయనకు నలభై రెండేళ్ళు. నలభై దాటినవాళ్ళకు ఈ సంగతి కొంచెం ఉత్సాహంగానే ఉంటుంది. తర్వాత మడమ బిగించే పద్ధతి వచ్చి దీన్ని వెనక్కి నెట్టింది. 1970లలో అమెరికాలోని కొలరాడోలో, ముఖ్యంగా క్రెస్టెడ్ బ్యూట్ అనే ఊళ్ళో, కుర్రవాళ్ళు దీన్ని మళ్ళీ పైకి తెచ్చారు.

ఇక మన సమస్య. రిసార్టులో లిఫ్టు మనల్ని పైకి చేరుస్తుంది. మనం దిగితే చాలు. అక్కడి వాలు యంత్రంతో అదిమి చదును చేసినది, పొద్దున్నే రాయిలా గట్టిగా ఉంటుంది. రెండోది లిఫ్టులేని కొండ. స్కీ అడుగున వెనక్కి జారనివ్వని 'స్కిన్' అనే నూగు పట్టీ అంటించుకుని, మనమే గంటల తరబడి ఎక్కి, ఎవరూ తొక్కని మంచులో దిగాలి. మొదటి చోట బరువైన, నిలకడైన స్కీ కావాలి. రెండో చోట తేలికైనది కావాలి.

ఇక్కడ ఒక మాట. మన తెలుగులో తెల్లవారి పొలం మీద పరుచుకునేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. తమిళంలో 'పని' అన్నా అంతే, రెంటికీ ఒకటే పేరు. స్కీ కొనేవాడికి ఈ ఒక్క పేరు చాలదు. పిండిలా పొడిగా ఉన్న మంచు, గాజులా బిగిసిన మంచు, పైన పెంకు కట్టి లోపల గుల్లగా ఉన్న మంచు, ఎండకు ముద్దయిన మంచు ఉంటాయి. ఒక్కొక్కదానిలో స్కీ ఒక్కోలా నడుస్తుంది.

నా తమ్ముడు డెన్వర్‌లో ఉంటాడు. మొదటి ఏడాది దుకాణంవాళ్ళ మాట విని నడుము వెడల్పు 115 మిల్లీమీటర్లున్న స్కీలు కొన్నాడు. నడుమంటే బూటు నిలిచేచోట స్కీ వెడల్పు. లోతైన పొడి మంచులో అవి పడవల్లా తేలాయట. గట్టి మంచులో మాత్రం ఒక అంచు మీంచి రెండో అంచు మీదికి మారడానికి ఆలస్యం. వెనక కాలు జారిపోయేది. టెలిమార్క్‌లో వెనక కాలు మునివేళ్ళ మీదే నిలుస్తుంది కదా, వెడల్పు స్కీని అదుపు చేయడం దానికి మరీ కష్టం. రెండు నెలల్లో మోకాళ్ళు వాచాయి. లెక్క చూస్తే, ఆ ఏడాది అతను స్కీ చేసిన పద్దెనిమిది రోజుల్లో పధ్నాలుగు రోజులు రిసార్టులోనే.

నా అభిప్రాయంలో ఈ రోజుల లెక్కే ముందు వేసుకోవాలి. చాలామంది వెళ్ళాలనుకునే కొండను తలుచుకుని కొంటారు, వెళ్ళే కొండకు కాదు. రెండు చోట్లకూ పనికొచ్చే నడుము సుమారు 90 నుంచి 100 మిల్లీమీటర్లు. ముందు కొన కొంచెం ముందు నుంచే పైకి లేచి ఉండాలి, కాలి కింద మాత్రం విల్లువంపు ఉండాలి. ఆ వంపే గట్టి మంచులో పట్టునిస్తుంది. వంగుడు మధ్యరకంగా, ఒకే తీరుగా ఉండాలి. పొడవు గడ్డానికీ నుదుటికీ మధ్య సరిపోతుంది.

బరువు సంగతి బడిపిల్లల లెక్కలా చూద్దాం. 600 మీటర్ల ఎత్తు ఎక్కాలి. అడుగుకు 12 సెంటీమీటర్లు పైకి వెళ్తామనుకుంటే 5,000 అడుగులు, కాలికి 2,500. ఒక్కో స్కీ 400 గ్రాములు ఎక్కువైతే ఒక్కో కాలు మొత్తం మీద 1,000 కిలోలు, అంటే ఒక టన్ను, అదనంగా ముందుకు జరపాలి. అలాగని మరీ తేలికవి కొనకూడదు. మడమ లేచినప్పుడల్లా టెలిమార్క్ పట్టీ మరలను పైకి లాగుతుంది. పలచని స్కీలో మరలు ఊడి వచ్చే ప్రమాదం ఉంది. కొండ నడుమ మర ఊడితే ఆ మంచులో నడిచి రావాలి. ఒక్కో స్కీ కిలోన్నర నుంచి కిలో ఏడొందల మధ్య ఉంటే నమ్మకం.

పట్టీల్లో రెండు తరాలున్నాయి. పాతది ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన, 75 మిల్లీమీటర్ల వెడల్పు బూటుకు సరిపోయేది. నార్వే కంపెనీ రొట్టెఫెల్లా 2007లో తెచ్చిన ఎన్‌టిఎన్ పద్ధతిలో ఆ ముక్కు లేదు. పాదం మధ్యన అడుగు నుంచి పట్టు ఉంటుంది. ఒకదాని బూటు రెండోదానికి పట్టదు. కనుక బూటు ముందు కొనండి. ఏది తీసుకున్నా ఎక్కేటప్పుడు స్ప్రింగు లాగకుండా వదిలే మీట ఉందో లేదో చూడాలి. అది లేకపోతే ఎక్కే ప్రతి అడుగూ స్ప్రింగుతో పోరాటమే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. పడినప్పుడు పాత టెలిమార్క్ పట్టీల్లో చాలావాటి నుంచి బూటు ఊడిరాదు. ఒకవేళ ఊడినా స్కీ దొర్లి కిందివాళ్ళకు తగలకుండా రిసార్టులో కాలికి తాడు కడతారు. అదే తాడు మంచుచరియ విరిగే చోట ప్రాణాంతకం. స్కీ లంగరులా మనిషిని లోపలికి లాగుతుంది. అందుచేత బ్రేకు ఉన్న, ఊడివచ్చే వీలున్న పట్టీకి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇవ్వమంటాను. లిఫ్టులేని కొండకు సంకేతయంత్రం, పొడుగాటి కడ్డీ, పార మనిషికొకటి చొప్పున ఉండాలి, వాడటం నేర్చుకుని ఉండాలి.

మన దేశంలో గుల్మార్గ్‌లో ఈ రెండు కొండలూ కలిసిపోయి ఉంటాయి. 2005 నుంచి గండోలా రెండో దశ దాదాపు నాలుగు వేల మీటర్ల ఎత్తుకు తీసుకుపోతుంది. దిగగానే తొక్కని మంచే. 2023 ఫిబ్రవరిలో అక్కడ మంచుచరియ కింద ఇద్దరు పోలండ్ స్కీయర్లు మరణించారు. గండోలా ఎక్కి వచ్చాం కనుక ఇది రిసార్టే అనుకోవడానికి లేదు. అక్కడికే ఎక్కువగా వెళ్ళేవారు నడుము 100 దాటినా తప్పులేదు.

కొనేముందు ఒకటి రెండు రోజులు అద్దెకు తీసుకుని చూడటం మేలు. అదీ పొద్దున గట్టి మంచులో ఒకసారి, మధ్యాహ్నం మెత్తని మంచులో ఒకసారి. తమ్ముడు రెండో ఏడాది అలాగే చేసి, నడుము 96 ఉన్నవి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాడు. సెకండ్‌హ్యాండ్‌వి చూసేవాళ్ళు పాత పట్టీ మరల చిల్లులు లెక్కపెట్టండి. ఇంతకుముందు రెండుసార్లు బిగించి తీసిన స్కీలో కొత్త చిల్లుకు గట్టి చోటు దొరకడం కష్టం. చిల్లులు సరిగ్గా పూడ్చి ఉన్నాయో లేదో, నీళ్ళు దిగి చెక్క ఉబ్బిందో లేదో వేలితో తడిమి చూడాలి. అంచుల ఉక్కు సగం అరిగిపోయి ఉంటే ఎంత చౌకైనా వదిలేయండి.