పీర్ రివ్యూ అయితే నమ్మేయొచ్చా?

"ఇది పీర్ రివ్యూ అయిన స్టడీ బ్రో" అనగానే మనం ఇంక నోరెత్తం కదా. అయితే ఇది వినండి.

2020 మే 22న లాన్సెట్‌లో ఒక పేపర్ వచ్చింది. 671 ఆసుపత్రులు, 96 వేల మంది కోవిడ్ పేషెంట్లు. హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడినవాళ్లలో మరణాలు ఎక్కువట. మూడు రోజులకే, ఆ మందు మీద తన ట్రయల్‌ని ఆపుతున్నట్టు డబ్ల్యూహెచ్ఓ ప్రకటించింది.

మరి రివ్యూలో ఏం చూశారు? ఎడిటర్ ఆ సబ్జెక్ట్ తెలిసిన ఇద్దరు ముగ్గురికి పేపర్ పంపిస్తారు. వాళ్లు మామూలుగా పైసా తీసుకోకుండా చదివి, డౌట్లు అడిగి, మార్పులు చెప్తారు. పేషెంట్ల అసలు రికార్డులు చాలాసార్లు వాళ్లకి కనపడవు. నేను జాబ్‌లో కోడ్ రివ్యూ చేసేటప్పుడు కనీసం కోడ్ అయినా ముందుండేది. (శుక్రవారం సాయంత్రాలు చూడకుండానే అప్రూవ్ కొట్టేవాణ్ణి, అది వేరే సంగతి.)

తప్పు పట్టుకుంది పేపర్ వచ్చాక చదివినవాళ్లు. ఏప్రిల్ 21 నాటికి ఆస్ట్రేలియా మొత్తమ్మీద కోవిడ్ మరణాలు 67. పేపర్‌లో అక్కడి ఐదు ఆసుపత్రుల్లోనే 73! డేటా ఇచ్చిన సర్జిస్ఫియర్ కంపెనీని పూర్తి డేటా చూపించమంటే ఇవ్వలేదు. జూన్ 4న పేపర్ వెనక్కి.

అంటే మందు మంచిదనా? కాదు. మర్నాడే బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ వాళ్లు, ఆసుపత్రిలో చేరినవాళ్లకి దానివల్ల ఉపయోగం లేదని చెప్పారు. వాళ్ల దగ్గర మాత్రం పేషెంట్లు నిజంగా ఉన్నారు.