పెట్టెలోని బొమ్మలు చేతిలోనికి

ఆర్మూరునకు ఆనుకొనియున్న మా పెర్కిట్ రెండు రాజమార్గములు కలిసికొను చోటు. కాశ్మీరము నుండి కన్యాకుమారికి పోవు 44వ నంబరు జాతీయ రహదారియు, నిజామాబాదు నుండి జగిత్యాల వైపు సాగు 63వ నంబరు రహదారియు ఇచ్చటనే కలియును. ఈ దారుల మీదుగనే మా పసుపు బస్తాలు నిజామాబాదు మార్కెట్టు యార్డునకు చేరును. ఈ దారుల మీదుగనే మా యువకులు దుబాయికి, మస్కటుకు, సౌదీకి తరలిపోవుదురు. పసుపు సొమ్మై తిరిగివచ్చును. యువకులు ఏండ్ల తరబడి రారు. వారికి ఇంటిని చూపునవి ఛాయాచిత్రములే.

కనుక కంప్యూటరులోని ఫొటోలను స్మార్టుఫోనులోనికి చేర్చుట యను విషయము పైకి అల్పముగ తోచినను మా ఇండ్లలో అల్పము కాదు. పది పదునైదేండ్ల క్రిందట కెమెరాతో తీసినవియు, పెండ్లినాడు స్టూడియోవారు సి.డి.లలో ఇచ్చినవియు పాత కంప్యూటరులో పడియుండును. దానిని తెరచువారుండరు. అది ఎన్నడు ఆగిపోవునో ఎవరును చెప్పజాలరు.

మా సంగతియే మనవి చేసెదము. అమ్మ గతించి ఏడాది కావచ్చిన దినములలో, కళ్లములో పసుపు కొమ్ములను ఎండబోయుచుండగా తీసిన ఆమె బొమ్మ ఒకటి కంప్యూటరులో కనబడినది. వెంటనే దానిని వాట్సాప్ ద్వారా దుబాయిలోని మా తమ్మునకు పంపితిమి. అతడు దానిని పెద్దదిగా అచ్చు వేయించి గదిలో పెట్టుకొనదలచెను. మరునాడే ఫోను చేసి, “అన్నా, పెద్దగ చేస్తె అమ్మ మొఖం చెదిరిపోతున్నది. అసలుది పంపు” అనెను.

ఇట్లేల జరిగినది? వాట్సాప్‌లో ఫొటోను మామూలుగా పంపినచో, త్వరగా చేరుటకై అది బొమ్మను కుదించి పంపును. చేతిలోని చిన్న తెరపై ఈ లోపము కానరాదు. అచ్చు వేయించునపుడు బయటపడును. అసలు బొమ్మయే చేరవలెనన్నచో దానిని ‘డాక్యుమెంటు’గా జతచేసి పంపవలెను. ఈ చిన్న విషయము మాకు నాడు తెలియదు.

పెద్ద సంఖ్యలో ఫొటోలున్నచో ఫోనును యు.ఎస్.బి. తీగతో కంప్యూటరునకు కలుపుటయే సులభము. ఇందు మొదట చూడవలసినది తీగనే. సాధారణమైన యు.ఎస్.బి. తీగలో నాలుగు నరములుండును: రెండు విద్యుత్తునకు, రెండు సమాచారమునకు. చార్జింగుకు మాత్రమే చేసిన కొన్ని చౌక తీగలలో ఈ రెండవ జత ఉండదు. ఫోను చార్జి అగుచున్నది గదా యని తీగను నమ్మరాదు. మేము ఒక సాయంకాలమంతయు కంప్యూటరును నిందించితిమి. లోపము తీగలో నుండెను.

తీగ సరియైనదైనచో పిదప ఫోను తాళము తీయవలెను. ఆండ్రాయిడు ఫోను మన అనుమతి లేనిదే తన అరలను కంప్యూటరునకు చూపదు. తెరపై నుండి వ్రేలితో క్రిందికి లాగినచో యు.ఎస్.బి.ని గూర్చిన సూచన కనబడును. దానిని నొక్కి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ అనుదానిని ఎన్నుకొనవలెను. అప్పుడు ఫోను పేరు కంప్యూటరు తెరపై కనబడును. అందు ‘పిక్చర్స్’ అను ఫోల్డరు కలదు, ‘డి.సి.ఐ.ఎం.’ అను మరియొకటియు కలదు. ఈ రెండవ పేరు 1990ల చివర జపాను కెమెరా పరిశ్రమవారు నిర్ణయించిన నియమము నుండి వచ్చినది. ఈ రెంటిలో దేనియందైనను క్రొత్త ఫోల్డరు తెరచి ఫొటోలను చేర్చవచ్చును. నాలుగేసి మెగాబైట్ల ఫొటోలు వేయి ఉన్నచో నాలుగు గిగాబైట్ల చోటు కావలెను. అంత ఖాళీ ఉన్నదో లేదో ముందే చూచుకొనుట మేలు. ఐఫోను విషయము వేరు. విండోస్ కంప్యూటరు నుండి తీగతో ఫొటోలు పంపవలెనన్నచో ఆపిల్ సంస్థవారి ప్రోగ్రామునే వాడవలెను.

ఇక మా పొరపాటు. ఫొటోలు పోవుచుండగా తీగ కదలి పని నడుమ ఆగిపోయినది. మేము దానిని గుర్తింపలేదు. ఫోనులో వరుసగా బొమ్మలు కనబడుటచే అన్నియు వచ్చినవని తలచి, కంప్యూటరులోని ఫోల్డరును తుడిచివేసితిమి. చెత్తబుట్టను గూడ ఖాళీ చేసితిమి. మరునాడు లెక్కింపగా పదునొకండు ఫొటోలు లేవు. అమ్మ బొమ్మ వానిలో నొకటి. వాట్సాప్‌లో తమ్మునకు చేరిన ఆ కుదించిన బొమ్మయే నేడు మాకు మిగిలినది. అతడు దానిని చిన్నదిగానే అచ్చు వేయించి గోడకు పెట్టుకొనెను. మమ్ము ఒక్క మాటయు అనలేదు. అనియున్నచో మాకు కొంత తేలికగా నుండెడిది.

కావున శ్రోతలకు మా విన్నపమిది. ఫొటోలను ‘కట్’ చేయక ‘కాపీ’ చేయుడు. పని ముగిసిన తరువాత రెండు వైపుల సంఖ్యను లెక్కింపుడు. నడుమ నడుమ కొన్నింటిని తెరచి పెద్దవి చేసి చూడుడు. అటుపిమ్మటనైనను అసలువానిని తుడిచివేయకుడు. ఫోను జారిపడవచ్చును, పోవచ్చును. కనుక మరియొక డ్రైవులోనో, ఇంకొక ఇంటివారి యొద్దనో ఒక నకలు ఉంచుడు.

ఇది మాకు క్రొత్తగా నేర్వవలసిన నీతి కాదు. పసుపు త్రవ్విన రైతు పంటనంతయు ఉడకబెట్టడు. మంచి దుంపలను విత్తనమునకై ముందే వేరు చేసి నీడన దాచును. ఉడికిన కొమ్ము మరల మొలకెత్తదని అతనికి తెలియును. ఆ దుంపలను అమ్మయే ఏరి దాచెడిది. ఆమె బొమ్మ విషయమున మేము ఆ పని మరచితిమి. మీ ఇంట పాత కంప్యూటరు ఉన్నచో నేటి సాయంకాలమే తెరచి చూడుడు.