నాలుగు రోజులు చూసుకునే చోటు కావాలి

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రూపు లీడర్ చేసిన ప్రసంగం)



పొదుపు, లింకేజీ, రికవరీ లెక్కలు ఇందాకే చదివిండ్రు. ఆ లెక్కల్లో కనిపించని విషయం ఒకటి మాట్లాడుదామని మైకు తీసుకున్న. బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇండ్ల గురించి. మనలో కొందరు వాళ్లను ‘మెంటల్’ అని పిలుస్తారు. ఆ మాట ఇవాళ్టి నుంచి మానుకుందాం. అది పిచ్చి కాదు, అంటుకునే రోగం కాదు. కొందరు తమ పనులు తామే చేసుకుంటారు, కూలికి కూడా పోతారు. కొందరికి మాత్రం ఇరవై ఏండ్లు వచ్చినా అన్నం తినిపించాలె, స్నానం చేయించాలె, గేటు తీసి ఉంటే రోడ్డు మీదికి పోకుండా చూడాలె.

ఇది ఎవరు చేస్తున్నరు? తల్లి. తల్లి లేకపోతే అక్క, వదిన, నాయనమ్మ. మన జీడిమెట్ల కంపెనీల్లో పనిచేసే మనిషికి వారానికి ఒక రోజు సెలవు ఉంటది. ఈ తల్లికి ఆదివారం లేదు, పండుగ లేదు, జ్వరమొచ్చినా పడుకునే వీలు లేదు.

మా పక్క గ్రూపులో ఒక అక్క ఉన్నది. ప్యాకింగ్ పనికి పోతది. కొడుకుకు 24 ఏండ్లు. ఆమెకు గర్భసంచి ఆపరేషన్ చెయ్యాలని డాక్టర్ చెప్పి ఏడాది దాటింది. కొడుకును ఎవరి దగ్గర ఉంచాలో తెలియక రెండుసార్లు వాయిదా వేసుకున్నది. చివరికి ఊరి నుంచి వాళ్ల అక్క వచ్చి పదిహేను రోజులు ఉంటే అప్పుడు ఆపరేషన్ అయింది. ఆ పదిహేను రోజులు వాళ్ల అక్క కూలి పోయింది. ఒక ఆడమనిషి కష్టం ఇంకో ఆడమనిషి మీద పడ్డది, అంతే.

ఇట్లాంటి ఇండ్లకు కొన్ని గంటలో, నాలుగు రోజులో ఆ మనిషిని భద్రంగా చూసుకొని మళ్లీ ఇంటికి అప్పజెప్పే ఏర్పాటును రెస్పైట్ కేర్ అంటారు. అంటే చూసుకునేవాళ్లకు ఊపిరి తీసుకునే సమయం. అనాథాశ్రమం వేరు, ఇది వేరు. పురిటికి పుట్టింటికి పోతే అత్తిల్లు వదిలిపెట్టినట్టు కాదు కదా? ఇదీ అంతే. బిడ్డ పోతడు, మళ్లీ వస్తడు.

మరి మనకు ఏమున్నది? బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉన్నది. దూరం దూరం నుంచి పిల్లలను అక్కడికి పరీక్షలకు, శిక్షణకు తీసుకొని వస్తారు. స్కూల్ వయసు పిల్లలకు భవిత కేంద్రాలున్నయి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ‘నిరామయ’ ఆరోగ్య బీమా ఉన్నది, ఏడాదికి లక్ష రూపాయల వరకు. ఆ ట్రస్ట్‌దే ‘సమర్థ్’ అని ఒక పథకం సరిగ్గా ఈ రెస్పైట్ కోసమే పెట్టిండ్రు. కానీ అది నడపాల్సింది రిజిస్టర్ అయిన సంస్థలు. సంస్థ ముందుకు వచ్చిన చోట ఉంటది, రాని చోట ఉండదు. బల్దియా తప్పకుండా పెట్టాలని అందులో లేదు.

ఇంక పింఛన్. మన రాష్ట్రంలో వికలాంగుల పింఛన్ 2023లో 4,016 రూపాయలైంది. అది మంచిదే, పోగొట్టుకోవద్దు. కానీ 30 రోజులకు పంచితే రోజుకు 134 రూపాయలు. ఆ డబ్బుతో ఒక్క రోజు కూడా మనిషిని పెట్టుకోలేం. పింఛన్ బియ్యానికి, మందులకు పనికొస్తది. తల్లి ఆస్పత్రిలో ఉన్న రాత్రి బిడ్డ పక్కన పడుకోవడానికి పింఛన్ రాదు.

ముందు ముందు ఇది ఇంకా పెద్ద కష్టమైతది. ఇదివరకు ఊర్లల్ల పెద్ద కుటుంబాలు, ఎవరో ఒకరు చూసేవాళ్లు. ఇక్కడ ఒక్క గది కిరాయి ఇల్లు, ఇద్దరూ పనికి పోతేనే గడుస్తది. స్కూల్ వయసు దాటినంక పిల్లలు ఇంట్లోనే ఉండిపోతున్నరు. వాళ్లకు వయసు పెరుగుతున్నది, తల్లికీ పెరుగుతున్నది. అరవై ఏండ్ల తల్లి ముప్పై ఐదేండ్ల కొడుకును ఎట్ల లేపి కూర్చోబెడతది?

అయ్యే పనేనా అని అడుగుతారు. కేరళలో అయింది. అక్కడ మనలాంటి పొదుపు సంఘాల ఆడవాళ్ల సంస్థ కుటుంబశ్రీ. 2004లో తిరువనంతపురం జిల్లా వెంగానూరు పంచాయతీలో ‘బడ్స్’ అనే మొదటి స్కూల్ పెట్టిండ్రు. నడిపేది స్థానిక సంస్థ, వెనక ఉండేది కుటుంబశ్రీ. ఇప్పుడు కేరళలో ఇట్లాంటివి 300కు పైగా ఉన్నయి. 18 దాటినవాళ్లకు వేరే కేంద్రాలు పెట్టి పనులు కూడా నేర్పిస్తున్నరు. అవి పగటి కేంద్రాలు. పగలు నడిపే మనుషులు, చోటు ఉంటే, అవసరమైనప్పుడు నాలుగు రాత్రులు కలుపుకోవడం అక్కడి నుంచి ఒక్క మెట్టే. ఇంగ్లండ్‌లో 2011 నుంచి వికలాంగ పిల్లల తల్లిదండ్రులకు విరామం ఏర్పాటు చెయ్యడం అక్కడి కౌన్సిళ్ల బాధ్యత అని నిబంధనే ఉన్నది.

మన దగ్గర కూడా దారి ఉన్నది. 2018లో బస్తీ దవాఖానాలు మొదలైనప్పుడు చాలా వరకు కమ్యూనిటీ హాళ్లలోనే పెట్టిండ్రు. కొత్త బిల్డింగ్ కోసం ఆగలేదు. ఇది కూడా అట్లనే ఒక హాలుతో మొదలు కావచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో, వాళ్లు నలుగురి మధ్య బతకడానికి కావాల్సిన సేవలు అందుబాటులో ఉండాలని 5వ సెక్షన్ చెప్తది. ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకు చూసుకునే మనిషి కోసం భత్యం గురించి 24వ సెక్షన్ చెప్తది. అడిగేటప్పుడు ఈ రెండు నంబర్లు కాగితం మీద రాసుకొని పోదాం.

అయితే ఒక మాట. చోటు పెడితే చాలదు, నమ్మకం కావాలె. మాట రాని ఆడపిల్లను ఎవరి మీద నమ్మకంతో వదులుతాం? అందుకే మన షరతులు ముందే చెప్పాలె. ఆడపిల్లలకు ఆడవాళ్లే చూసుకునేటట్టు ఉండాలె. తల్లి ఎప్పుడొచ్చినా లోపలికి రానియ్యాలె. చూసే కమిటీలో ఇద్దరు తల్లులు, మన సమాఖ్య నుంచి ఒకరు ఉండాలె. మొదటిరోజే రాత్రి ఉంచుకోవద్దు. ముందు ఒక గంట తల్లితో పాటు, తర్వాత ఒక పూట, తర్వాత ఒక రాత్రి. అప్పుడు బిడ్డకూ అలవాటైతది.

సమాఖ్య ముందు నా విన్నపం నాలుగు పనులు.

ఒకటి, వచ్చే రెండు నెలల్లో ప్రతి గ్రూపు తమ బస్తీలో ఇట్లాంటి ఇండ్లు ఎన్ని ఉన్నయో రాసి ఇయ్యాలె. లెక్క లేకుండా పోతే ఆఫీసులో మన మాట నిలబడదు.

రెండు, సదరం సర్టిఫికెట్ గానీ, యూడీఐడీ కార్డు గానీ లేనివాళ్లకు ఆర్పీలు తోడుండి చేయించాలె. 18 దాటిన బిడ్డకు చట్టబద్ధమైన సంరక్షకులు కావాలంటే కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టాలె. ఇది చాలామందికి తెలియదు.

మూడు, ప్రతి తల్లి తన బిడ్డ గురించి ఒక కాగితం రాసి పెట్టాలె. ఏం తింటడు, ఏ మందు ఎప్పుడు, ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలె, దేనికి భయపడతడు, బాత్‌రూమ్‌కు పోవాలంటే ఎట్ల సైగ చేస్తడు. రాయడం రాకపోతే గ్రూపులో చదువుకున్నవాళ్లు రాసియ్యాలె. రేపు మీకు ఏమన్నా అయితే ఆ కాగితమే పక్కింటామెకు దారి చూపిస్తది. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఈ రాత్రే రాయొచ్చు.

నాలుగు, మన ప్రాంతంలో ఒక కమ్యూనిటీ హాల్‌లో ముందు పగటి కేంద్రం, దాంతోపాటు అత్యవసరానికి నాలుగు పడకలు బల్దియా ఖర్చుతో పెట్టాలని ఇవాళే తీర్మానం చేద్దాం. దాన్ని సర్కిల్ ఆఫీసులో ఇచ్చి, సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికి కూడా ఇద్దాం. రసీదు తీసుకుందాం.

మన గ్రూపుల్లో ఒకరు కిస్తీ కట్టలేకపోతే పదిమందిమి కలిసి కడుతున్నం. అదే అలవాటును ఈ తల్లుల దాకా తీసుకుపోవాలని కోరుతున్న. తీర్మానం కాగితం రాసి తెచ్చిన, కార్యదర్శి గారి దగ్గర ఉన్నది. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. పోయేముందు సంతకం పెట్టండి, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయండి.